గుమ్మానికి కట్టిన మేకగంట

మా ఇంట్లో దూదికి కొదవ లేదు. పరుపులు కుట్టడం మా వృత్తి. నేను దూది ఏకుతాను, అక్క వసారాలో కూర్చుని వాటికి తొడిగే గలీబులు కుడుతుంది. నా బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగతాదంతా బెళుగుప్ప గ్రంథాలయంలో, పరుపులు అప్పజెప్పి తిరిగొచ్చే దారిలో జరిగింది. ఆ సంగతి ఎవరడిగినా గర్వంగానే చెప్తాను.

అక్కకు పన్నెండో ఏట నుంచి షుగర్. రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. ఇదివరకు షుగర్ బాగా పడిపోతే చేతులు వణికేవి, వెంటనే చక్కెర నీళ్లు తాగేది. నలభై దాటాక ఆ వణుకు రావడం మానేసింది. మాట్లాడుతూ మాట్లాడుతూనే పక్కకు ఒరిగిపోయేది. ఇక ఆమెకు ముందుగా తెలియదని, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలని అనంతపురంలో డాక్టరు చెప్పాడు.

ఇలాంటివాళ్ల కోసం కుక్కలకు తర్ఫీదు ఇస్తారని గ్రంథాలయంలో ఒక ఇంగ్లీషు పుస్తకంలో చదివాను, నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకు రెండు పేజీల చొప్పున. షుగర్ పడిపోయినప్పుడు మనిషి చెమట వాసన మారుతుందట. మనకు తెలియదు, కుక్కకు తెలుస్తుందట. వీధిలో తిరిగే ఆడకుక్క ఒకటి అప్పటికే మా వసారాలో పడుకునేది.

అమ్మ ఐదు పూటలా నమాజు చేసే మనిషి. కుక్క నోరు తగిలితే బట్ట కడుక్కోవాలి. "ఉంటే ఉండనీ. గడప దాటకూడదు, మనల్ని ముట్టకూడదు," అంది. పుస్తకంలోని కుక్క మనిషిని ముక్కుతో పొడిచి చెప్తుంది. మా ఇంట్లో అది కుదరదు కాబట్టి గుమ్మానికి మేకగంట కట్టి, దాని తాడు లాగడం నేర్పాలనుకున్నాను.

అక్కకు షుగర్ పడిపోయిన ప్రతిసారీ ఒక చేత్తో చక్కెర నీళ్లు తాగిస్తూ ఇంకో చేత్తో ఆమె మెడ మీది చెమటను దూదితో అద్దేవాణ్ణి. ఆ దూదిని గాజు సీసాలో పెట్టి, ఇన్సులిన్ కోసం కొన్న ఫ్రిజ్‌లో దాచేవాణ్ణి. తర్వాత మూడు సీసాలు వరుసగా పెట్టేవాణ్ణి. రెండింట్లో కొత్త దూది, ఒకదాంట్లో చెమట దూది. సరైన సీసా దగ్గర కూర్చుంటే ఉడికిన గుడ్డు ముక్క. కొన్నాళ్లకే అది తడుముకోకుండా పట్టుకుంది, తాడు లాగడమూ నేర్చింది. పుస్తకం ఇంకా సగం మిగిలి ఉండగానే తిరిగి ఇచ్చేశాను. చదివినంత చాలనుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. అక్కకు చెమట పడితే చాలు, గంట మోగేది. వేలు పొడిచి రక్తం చుక్కను మిషన్‌లో చూస్తే షుగర్ బాగానే ఉండేది.

"బడి నడుపుతాండాది రా ఇది. పొద్దున్నుంచి ఆరుసార్లు కొట్టిండాది," అని అక్క నవ్వేది. వేలు పొడుచుకోవడం విసుగై, గంట మోగినా చూసుకోవడం మానేసింది.

ఒక మధ్యాహ్నం నేను లోపల దూది ఏకుతున్నాను. గంట మోగింది. "ఎండకులేప్పా," అని నాలో నేనే అనుకున్నాను. మళ్లీ మోగింది. మళ్లీ మోగింది. నేను తలెత్తలేదు. ఏకడం అయ్యాక బయటికి వస్తే అక్క కుడుతున్న గలీబు మీద పడి ఉంది. పిలిస్తే పలకలేదు.

ఆసుపత్రిలో రెండు రోజులకు కళ్లు తెరిచింది. అప్పటి నుంచి తెలిసిన మాటల కోసం కూడా వెతుక్కుంటుంది. సూదిని చూపించి "అదీ, అదీ" అంటుంది.

ఆ పుస్తకం మళ్లీ తెచ్చుకున్నాను. నేను చదవని సగంలోనే ఉంది: అదే మనిషి బాగున్నప్పటి చెమటను కూడా పక్కన పెట్టాలి, దాని దగ్గర కూర్చుంటే ఏమీ ఇవ్వకూడదు. నేను కొత్త దూది పెట్టాను. దూదికేం, ఇంటినిండా ఉంది. కుక్క నేర్చుకున్నది అక్క చెమటను మాత్రమే. ఈ సంగతి అక్కకు చెప్పాను. ఆమె వసారాలో పడుకున్న కుక్క వైపు చూసి, "మళ్లా నేర్పు," అంది.

ఈసారి ఏడు నెలలు పట్టింది. పుస్తకం చివరి పేజీ వరకూ చదివాను. గంట అరుదుగా మోగేది. మోగినప్పుడల్లా ముగ్గురిలో ఎవరో ఒకరం లేచేవాళ్లం.

రంజాన్ పండగకు ముందు గోడలకు సున్నం కొడుతూ గంట విప్పి పక్కన పెట్టాను. వసారా తడిగా ఉందని అక్క లోపల గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె పక్కనే అమ్మ నమాజులో ఉంది. కుక్క లేచి గుమ్మం దగ్గరికి వచ్చి, తాడు ఉండే చోటికి తలెత్తి చూసింది. నిచ్చెన మీది నుంచి నేను దిగేలోపే అది గడప దాటింది. అమ్మ కొంగు నోట పట్టి లాగింది.

అమ్మ నమాజు మధ్యలోనే ఆపి అక్క ముఖం రెండు చేతులా పట్టుకుంది. అక్క కూర్చునే ఉంది. మాట రావడం లేదు, కానీ అది మాకు అలవాటైన సంగతే. మామూలుగా అయితే ఎవరమూ గమనించేవాళ్లం కాదు. మిషన్‌లో చూస్తే షుగర్ అడుగంటింది. గుటక గుటకగా చక్కెర నీళ్లు తాగించాం. కాసేపటికి అక్క నా చేతుల వైపు చూసి, వెతుక్కుని వెతుక్కుని, "సున్నం," అంది.

కుక్క అప్పటికే బయటికి పోయి పడుకుంది. అమ్మ కొంగు కడుక్కుని, నమాజు కోసం మళ్లీ ముఖమూ కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసి, మళ్లీ చాప మీదికి వెళ్తూ ఆగింది.

"గంట యాడ పెట్టినావు?"

"సున్నం ఆరినాక కడతానమ్మా."

"ఇప్పుడే కట్టు."

తడి మీదనే కట్టాను. ఆ తాడు రాసుకుని పడిన గీత గుమ్మం పక్కన ఇప్పటికీ ఉంది.