డ్రమ్మును మింగిన లెక్క

ఉష్షక్క ఒకసారి పెదవి మీద వేలు పెట్టి "ష్!" అంటే సముద్రం అలలు మానేసి చేతులు కట్టుకుని నిలబడిందట. చేపలు ఊపిరి బిగబట్టాయట, పీతలు మునివేళ్ల మీద నడిచాయట. రేవులో ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు. నమ్మనివాడికి ఆ పూట టీ పుట్టదు.

అక్కకు ఆ పేరు ఉద్యోగం వల్ల వచ్చింది. రేవు చివర రేకుల కప్పున్న పరిశోధనశాలలో ఆమె పని నీళ్లలోని ప్రతిధ్వనుల నోరు నొక్కడం. నీళ్ల అడుగున ఏముందో కంటికి కనబడదు గనక సోనార్ ఒక కూత పెడుతుంది. ఆ కూత దేనికైనా తగిలి తిరిగొస్తే, అదుగో అక్కడేదో ఉందని తెర మీద మచ్చ పడుతుంది. చెప్పుకోవడానికి ఇంత సులువే. లోతు తక్కువ రేవులో మాత్రం కూత ఒకటైతే బదుళ్లు వెయ్యి. రాళ్లు పలుకుతాయి, గోడ పలుకుతుంది, పైనున్న అలలు పలుకుతాయి, ఎవరూ పిలవకపోయినా లంగరు గొలుసులు పలుకుతాయి. అసలు వస్తువు ఇచ్చే జవాబు ఆ గోలలో, సంతలో తప్పిపోయిన పిల్ల ఏడుపులా, ఎక్కడో కలిసిపోతుంది.

అందుకు అక్క ఒక ఉపాయం పన్నింది. ముందు ఖాళీ నీళ్లలో కూత పెట్టి, తిరిగొచ్చిన రొదంతా రికార్డు చేసుకోవాలి. ఆ తర్వాత వచ్చే ప్రతి బదులులోంచీ ఆ రొదను తీసెయ్యాలి. ఎప్పుడూ ఉండేది పోతే మిగిలేది కొత్తగా వచ్చి చేరిందే. పరీక్షకని సిమెంటు దిమ్మ కట్టిన ఇనప డ్రమ్మును రేవు మధ్య ముంచారు. చోటు తెలియడానికి పైన ఎర్ర బంతి ఒకటి తేలేలా కట్టారు. ఆ డ్రమ్ము తెర మీద కనబడితే పద్ధతి గట్టెక్కినట్టే.

కనబడితే ఒట్టు.

తెర కడిగిన పలకలా ఉండేది. రాళ్లు లేవు, గోడ లేదు, గొలుసులు లేవు. డ్రమ్మూ లేదు. అక్క కేబుళ్లు మార్చింది. కూతను సన్నం చేసింది, లావు చేసింది. లెక్కను మొదటినుంచీ తిరగరాసింది. రాసిన ప్రతిసారీ తెర ఇంకాస్త శుభ్రపడేది తప్ప డ్రమ్ము జాడ ఉండేది కాదు. కిటికీలోంచి చూస్తే ఎర్ర బంతి మాత్రం తల ఊపుతూ "ఇక్కడే ఉన్నా, ఇక్కడే ఉన్నా" అని వెక్కిరించేది. అక్కకు తలప్రాణం తోకకొచ్చింది. కంప్యూటర్‌ను తిట్టింది, కుర్చీని తన్నింది, చివరికి సముద్రానికి కూడా నాలుగు వడ్డించింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా పెద్దసారు గదిలోకి వచ్చాడు.

"శుక్రవారం కమిటీ వస్తోందమ్మా. డ్రమ్ము కనపడితే ఓడలన్నిటికీ నీ పద్ధతే. కనపడకపోతే దీన్ని కట్టిపెట్టి నిన్ను కొనుగోళ్ల విభాగానికి పంపేస్తారు. నా చేతుల్లో ఏం లేదు."

"కొనుగోళ్లలో నేనేం చెయ్యను సార్?"

"కుర్చీలు కొను. ఇక్కడివన్నీ ఎలాగూ తన్ని విరగ్గొట్టావు."

ఇంటికి పోతే అక్కడా సుఖం లేదు. ఆమె మొగుడికి టైర్లకు పంక్చర్లు వేసే కొట్టుంది. నీళ్లతొట్టిలో ట్యూబు ముంచి, బుడగ వచ్చిన చోట వేలు పెట్టడమే ఆయన సోనార్.

"ఏమోయ్, గ్యాసు అయిపోయిందని పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నాను. వినపడుతోందా?"

"రోజూ ఒకే గొంతుతో ఒకే మాట చెబితే చెవి దాన్ని తీసేస్తుంది. నా పద్ధతే అది."

"ఓహో, మొగుణ్ణి కూడా రొదలో కలిపేశావన్నమాట! మరి ఆ డ్రమ్మేం పాపం చేసింది? అదీ నాలాగే రోజూ ఒకేచోట పడుంది కదా!"

అక్క అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. మాట నచ్చలేదు, అలాగని పక్కకూ నెట్టలేకపోయింది. "కాదు. ఖాళీ నీళ్ల రికార్డులో డ్రమ్ము లేదుగా" అని తనకు తనే చెప్పుకుని కంచం ముందునుంచి లేచిపోయింది.

మర్నాడు, గురువారం, నేరుగా పడవమామ దగ్గరికి పోయింది. డ్రమ్మును ముంచింది ఆయనే. ఇంజనుకు నూనె రాస్తూ, ఎదురుపడ్డవాళ్లకల్లా తన గొప్పలు చెప్పుకుంటున్నాడు.

"మామా, డ్రమ్మును ఎప్పుడు వేశావ్?"

"నా పనంటే ఏమనుకున్నావ్ తల్లీ! నువ్వు చెప్పకముందే వేసేశా. ఇంజను ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదోనని ఇలా వచ్చా, అలా తోసేశా."

"నేను చెప్పకముందా? వాకీటాకీలో 'వేసేస్తా' అన్నావు. నువ్వింకా వెయ్యలేదు కదాని నేను రికార్డింగు మొదలుపెట్టాను!"

"వేసేస్తా అని నేనెందుకంటాను? వేసేశా అన్నా."

"వేసేస్తా అన్నావు!"

"వేసేశా! నా నోరు, నా మాట, నాకు తెలీదా?"

"మరి వేశాక రికార్డింగు ఎందుకు చేస్తున్నావని అడగొచ్చుగా!"

పడవమామ నూనె చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "నీ పనికి అడ్డొస్తే 'ష్' అంటావని..."

అక్క గట్టు మీద కూలబడింది. రేకుల గదిలో వాకీటాకీ మాట గోడలకు కొట్టుకుని, 'శా' కాస్తా సాగి 'స్తా' అయి కూర్చుంది. సముద్రమంత ప్రతిధ్వనిని వడగట్టే మనిషి, గదిలో మోగిన ఒక్క అక్షరాన్ని వడగట్టలేకపోయింది. ఖాళీ నీళ్లనుకుని డ్రమ్మున్న నీళ్లను రికార్డు చేసింది. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు, రొదతో పాటు డ్రమ్మునూ తన చేత్తోనే తుడిచేస్తూ వచ్చింది. లెక్క ఎంత బాగుపడితే డ్రమ్ము అంత బాగా మాయమైంది.

శుక్రవారం పొద్దున్నే డ్రమ్మును పైకి లాగడం మొదలుపెట్టారు. డ్రమ్మును తీసి, నిజంగా ఖాళీ అయిన నీళ్లను రికార్డు చేసి, మళ్లీ ముంచి చూపించాలి. అదీ అక్క ఆలోచన. లాగే గొలుసు మొరాయించింది. పడవమామ దాని ఏడు తరాలనూ తలుచుకున్నాడు. ఎట్టకేలకు నాచు పట్టిన డ్రమ్ము పడవలోకి చేరి, నీళ్లు కారుస్తూ కూర్చుంది. కొత్త రికార్డింగుకని అక్క గదిలోకి పరుగెత్తేసరికి కమిటీ అప్పటికే లోపలుంది. పెద్దసారు ఆత్రం ఆపుకోలేక, పాత రికార్డుతోనే యంత్రాన్ని నడిపించేశాడు.

తెర నడిమధ్య గుండ్రంగా, నిండుగా, ఇన్నాళ్లూ ఆమె కలలో కూడా రాని అందంతో మచ్చ ఒకటి మెరుస్తోంది. ఉన్న డ్రమ్మును తీసెయ్యడం అలవాటైన లెక్క, డ్రమ్ము లేని నీళ్లలోంచీ డ్రమ్మును తీసేసింది. లేనిదాన్ని తీస్తే మిగిలేది డ్రమ్మంత బొక్క. తెరకు బొక్కయినా వస్తువైనా ఒకటే, మచ్చే పడుతుంది.

కమిటీ చప్పట్లు కొట్టింది. "ఏమ్మా, ఇదేనా మీ డ్రమ్ము?" అన్నాడు వాళ్ల పెద్దాయన, ముఖమంతా నవ్వు చేసుకుని.

వెనకనుంచి పెద్దసారు తల ఊపమని కళ్లతో కాళ్లావేళ్లా పడుతున్నాడు. ఊపితే ఓడలన్నీ ఆమెవి. ఊపకపోతే కుర్చీలు కొనాలి. అక్క ఆ మచ్చ వంక చూసింది. కావలసినన్నాళ్లు రాకుండా, అక్కర్లేని పూట ఇంత సింగారించుకుని వచ్చినందుకు ఆమెకు ఒళ్లు మండిపోయింది. అప్పుడామె బల్ల గుద్దిందనీ, కిటికీ అద్దాలు పగిలాయనీ, కమిటీ పెద్దాయన కళ్లజోడు ఎగిరి నీళ్లలో పడిందనీ, దాన్ని కూడా సోనార్‌తోనే వెతికారనీ రేవులో కథలు కథలుగా చెబుతారు. ఆమెనే అడిగితే, తాను అన్నది ఇంతే అంటుంది:

"అది డ్రమ్ము కాదండీ. డ్రమ్ము పడవలో ఉంది. పొరపాటు నాదే."