మరియమ్మ గారి ఎకరం

తొలి వాన పడ్డప్పుడు అందరికీ మట్టి వాసన వస్తుంది. మా క్వారీలో మాత్రం తడిసిన రాతిపొడి వాసన వస్తుంది, కాస్త ఘాటుగా, గొంతులో గరగరలాడేలా. ఎన్నేళ్లయినా ఆ వాసన తగలగానే నాకు రామ్మోహనరావు గారు గుర్తొస్తారు, వెంటనే సిగ్గు ముంచుకొస్తుంది. ఆయన అప్పట్లో మా క్వారీ మేనేజరు. నేను ఆయన దగ్గర సర్వేయరుగా చేరాను. మనిషి పొట్టి, నోరు పెద్దది. టిప్పరు డ్రైవర్లను ఆయన తిడుతుంటే పక్క చేలల్లో మిరపకాయలు కోస్తున్న ఆడవాళ్లు పని ఆపి మరీ వినేవాళ్లు.

క్వారీలో ఒక మూల మరియమ్మ గారి ఎకరం. రాయి తీసుకోవడానికి ఆ నేల లీజుకు అడిగినప్పుడు రామ్మోహనరావు గారు ఆమెకు మాటిచ్చారు, ‘మీ చేను మీకు చేనుగానే అప్పజెప్తానమ్మా’ అని. మాటకు తగ్గట్టే పైనున్న నల్లమట్టిని విడిగా కుప్ప పోయించి, ఎవరు అడిగినా ఒక్క ట్రాక్టరు కూడా తోలనివ్వలేదు. రాయి అయిపోయాక గుంటను పనికిరాని రాళ్లతో పూడ్పించి, ఆ నల్లమట్టి మళ్లీ పరిపించారు. నేల అద్దంలా చదునుగా ఉండాలని దగ్గర నిలబడి చేయించారు. అప్పగించిన రోజున పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. మొదటి మిరప మొక్క రామ్మోహనరావు గారే నాటారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. నేనూ గొప్పగా రొమ్ము విరుచుకునే నిలబడ్డాను.

ఆ తర్వాత వానలు పడ్డాయి. చదునుగా చేశాం గానీ నీళ్లు పోవడానికి వాలు పెట్టలేదు. పూడ్చేటప్పుడు టిప్పర్లు తిరిగీ తిరిగీ అడుగున నేల రోడ్డులా గట్టిపడిపోయింది, నీరు కిందికీ ఇంకలేదు. తోటంతా నీళ్లు నిలిచి ఉరకెత్తి, వేళ్లు కుళ్లి, మొక్కలు నిలువునా వాడిపోయాయి. మేం వెళ్లేసరికి మరియమ్మ గారు గట్టు మీద నిలబడి ఉన్నారు.

‘చేనిస్తానని చెరువు ఇచ్చారేంది సారూ?’ అన్నారు. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

అంత నోరున్న ఆయన ఆ రోజు ‘నాదేనమ్మా తప్పు’ అని మాత్రం అన్నారు. ఆయన పక్కన నిలబడలేక నేను వెళ్లి జీపులో కూర్చున్నాను.

క్వారీకి బైపాసు మీదుగా వెళ్లొచ్చు, ఊళ్లోంచీ వెళ్లొచ్చు. ఊళ్లోంచి వెళితే మరియమ్మ గారి వాకిలి ముందు నుంచే పోవాలి. అప్పటి నుంచి రామ్మోహనరావు గారు రోజూ ఆ దారినే జీపు పోనిచ్చేవారు. సొంత చేను పోయాక ఆమె తలకు గుడ్డ చుట్టుకుని, క్యారేజీ పట్టుకుని కూలికి బయల్దేరుతుండేవారు. ఆయన దిగి, ‘ఇవాళ ఎవరి చేలోకమ్మా?’ అని అడిగేవారు. ఆమె ఎవరిదో పేరు చెప్పి వెళ్లిపోయేవారు. నేను దిగేవాణ్ని కాదు. ఫోన్లో ఏదో చూస్తున్నట్టు తల వంచుకునేవాణ్ని. ఒకరోజు ఉండబట్టలేక, ‘బైపాసులో పోదాం సార్. పొద్దున్నే ఆమె మొహం చూడాలంటే చచ్చే సిగ్గుగా ఉంది’ అన్నాను.

‘చూడకపోతే మర్చిపోతామయ్యా. నాకసలే మతిమరుపు’ అన్నారు. కోపంగానే అన్నారు. ఆ కోపం నా మీద కాదనుకుంటాను.

వేసవిలో చేనంతా మళ్లీ తవ్వించారు. అడుగున గట్టిపడిన నేలను పగలగొట్టించి, వాలు పెట్టించి, క్వారీ కుంటలోకి మురుగు కాలువ తీయించారు. పడమటి సగం బాగుపడింది. తూర్పు సగంలో అడుగున రాళ్లు సర్దుకుని నేల కుంగింది, నీళ్లు మళ్లీ నిలిచాయి. అంతలో ఆయనకు రిటైర్మెంటు వచ్చింది. వెళ్లే ముందు మరియమ్మ గారి వాకిట్లో ఆగి, ‘సగమే అయిందమ్మా. పూర్తిచేయకుండానే పోతున్నా’ అన్నారు.

‘మీరు పోతే నేనెవర్ని అడగాల సారూ?’ అన్నారామె.

ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఆయన కోసం అన్నానని సరిపెట్టుకునేవాణ్ని. నాకై నేనే జీపు దిగి, ‘నన్ను అడగండమ్మా’ అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, ‘జీపులో తలొంచుకుని కూర్చునే అబ్బాయివి గదూ? నీ పేరేందయ్యా?’ అన్నారు.

అన్నాళ్లు ఆమె వాకిలి ముందు నుంచి తిరిగి, అప్పుడు నా పేరు చెప్పుకున్నాను.

ఇప్పుడు ఆ మేనేజరు కుర్చీలో నేనున్నాను. రామ్మోహనరావు గారు చనిపోయి చాలా కాలమైంది. తూర్పు సగంలో ఏటా మట్టి తోలిస్తున్నాం, కాలువ సరిచేయిస్తున్నాం, నేల ఇంకా కుంగుతూనే ఉంది. మరియమ్మ గారు ఈ వయసులో కూడా కూలికి వెళుతూనే ఉన్నారు. నిన్న వాన వెలవగానే ఆమె నుంచి ఫోను.

‘ప్రసాదూ, తూర్పు పక్క మళ్లీ నిలిచినయ్యి.’

‘ఇదిగో, వస్తున్నానమ్మా.’

‘నువ్వు రావడానికేం, వస్తానే ఉంటావు’ అన్నారామె. ‘నీళ్లు పోవాల గదయ్యా.’