కోత పండుగ ధర

నా చిన్నప్పుడు మా ఇంట్లో చెంచాతో అన్నం తినేది మా అమ్మ ఒక్కర్తే. గొప్పకి కాదు. పలాసలో జీడిపిక్కలు కొట్టే షెడ్డులో ఆవిడ పనిచేసేది. కాల్చిన పిక్కను కొట్టి పప్పు తీసేటప్పుడు పెంకులోని రసం వేళ్ళకు అంటుకుంటుంది. ఎంత బూడిద రాసుకున్నా అది చర్మాన్ని తినేస్తుంది. పగిలిన వేళ్ళకు పులుసు తగిలితే ఆవిడ విలవిల్లాడిపోయేది. అందుకని నేను అన్నం కలిపి పెడితే చెంచాతో తినేది. చర్చిలో వందనాలు చెప్పాల్సి వచ్చినప్పుడు చేతులు కొంగులో దాచుకునేది. నాన్న బరంపురంలో మూటలు మోసే పనికి వెళ్ళి ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. అమ్మ ఆ షెడ్డు మానెయ్యాలన్నది తప్ప నాకు ఆ వయసులో మరో కోరిక లేదు.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా మనవరాలు. టెక్కలిలో కామర్స్ చదువుతోంది. వ్యాపారం అంటే ఏమిటి, అందులో కొనుగోలు ఏమిటి, తయారీ ఏమిటి, అమ్మకం, పెట్టుబడి, పనివాళ్ళను చూసుకోవడం, అన్నీ గడగడా అప్పజెబుతుంది. తప్పేమీ లేదు, పుస్తకంలో ఉన్నవన్నీ నిజాలే. కానీ వారం నుంచి జీడిపప్పు చాక్లెట్ల వ్యాపారం పెడతానని నా బుర్ర తినేస్తోంది. ఫోన్లో ఫోటో పెడితే స్నేహితులందరూ సూపర్ అన్నారట. ఒక్కరైనా కొన్నారా అని అడిగితే, ఇంకా అమ్మడం మొదలుపెట్టలేదు కదా అమ్మమ్మా అంటుంది. చెబితే వినదు. ఫోన్ చూపించి, చూడు ఎన్ని హృదయాలో అంటుంది. ఆ ధీమా ఎలాంటిదో నాకు బాగా తెలుసు కాబట్టే ఇంత మంట.

మా చర్చిలో కోత పండుగ అంటే ఇప్పటికీ సందడే. పొలం ఉన్నవాళ్ళు వడ్లు, గుమ్మడికాయలు, కొబ్బరిగెలలు తెస్తారు. కోళ్ళున్నవాళ్ళు కోడిపుంజును తెస్తారు. ఏమీ పండించని మాలాంటి వాళ్ళు చేతనైన వంట చేసి తెస్తారు. ఆరాధన అయ్యాక వాటన్నిటికీ వేలంపాట. పాడుకున్న మనిషి ఆ వస్తువును ఇంటికి తీసుకుపోకుండా మళ్ళీ దేవుడికే ఇచ్చేస్తే, మళ్ళీ పాట మొదలవుతుంది. ఆ ఏడు మా అమ్మ జీడిపప్పు, కొబ్బరి, బెల్లం కలిపి ఉండలు చేసింది. దేవుడి పళ్ళెం కదా అని ముక్కలు కాకుండా నిండు పప్పు వేసి, ఒక్కో ఉండను వెలక్కాయంత చేసి, ఇత్తడి పళ్ళెంలో పేర్చింది.

పాట మొదలుపెట్టింది కొబ్బరి మావయ్య. ఆయన మాకు చుట్టమేమీ కాదు. ఉద్దానం కొబ్బరి కొని లారీలకెక్కించే షావుకారు, మా సంఘంలో పెద్ద. పిల్లలందరికీ ఆయన కొబ్బరి మావయ్యే. ఆయన పాడగానే ఇంకొకరు పెంచారు. గెలిచిన వాళ్ళు పళ్ళెం తిరిగి ఇచ్చేశారు. మళ్ళీ పాట. చివరికి ఆ పళ్ళెం మీద అమ్మ నెలంతా పిక్కలు కొట్టినా రానంత డబ్బు పలికింది. జనం చప్పట్లు కొడుతుంటే అమ్మ కొంగులోంచి చేతులు తీసి ముఖం కప్పుకుంది. పళ్ళెం అన్ని చేతులు మారినా ఎవరూ ఒక్క ఉండ కొరకలేదన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

ఇంక ఆ రోజు నుంచి నేను అమ్మను బతకనివ్వలేదు. షెడ్డు మానెయ్, ఉండలు చేసి అమ్ముదాం అని ఒకటే గోల. చర్చి నిండా జనం అంత ధర పెట్టి పాడినప్పుడు ఇంటింటికీ వెళ్తే కొనరా అని నా వాదన. అమ్మ కొన్నాళ్ళు నవ్వి ఊరుకుంది. తర్వాత తన వేళ్ళు చూసుకుని, సరే అంది. దాచుకున్నదంతా తీసి నిండు పప్పు, బెల్లం కొంది. అవే వెలక్కాయంత ఉండలు చేసింది. రేకు డబ్బాలో పెట్టుకుని నేను బయల్దేరాను.

ఆ తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏ ఇంటికి వెళ్ళినా పొగడ్తే. మీ అమ్మ చేతిలో ఏదో ఉందమ్మా అనేవాళ్ళు. కోత పండుగ నాడు ఎంత పలికిందో చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు. తర్వాత, రేపు రా అనేవాళ్ళు. రేపు వెళ్తే ఇంట్లో ఆయన లేడు అనేవాళ్ళు. ఒకావిడ నా తల మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని ప్రార్థన కూడా చేసింది. ఉండ మాత్రం కొనలేదు. ఇంతలో ముసురు పట్టి బెల్లం నీరు కారి, ఉండలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. డబ్బా తిప్పి కొట్టినా ఊడి రాలేదు. సోమవారం నుంచి మళ్ళీ షెడ్డుకు వెళ్ళిపోతానని అమ్మ చెప్పింది. నా మీద కోప్పడినా బాగుండేది. షెడ్డులో వేళ్ళకు రాసుకోవడానికి బూడిద జల్లించుకుంది.

ఉక్రోషం పట్టలేక నేను కాశీబుగ్గలో కొబ్బరి మావయ్య కొట్టుకు పోయాను. ఆయనే కదా మొదట పాడింది, ఆయనే కొనాలి అని. పీచు తీసిన కాయల రాశి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఏం కావాలని అడిగాడు. డబ్బా ముందు పెట్టి, అన్నీ కొనమన్నాను. ఆయన అట్లకాడ తెప్పించి, ఓ ముక్క పెల్లగించి నోట్లో వేసుకుని, తాపీగా నమిలి, శానా బాగుంది అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మరి తీసుకో అన్నాను.

"ఒలే గుంటా, నా నోరు సూత్తన్నావు గాని నా సెయ్యి సూడవేటి? ఏటి సేత్తందో సెప్పు."

చూశాను. ఆయన చెయ్యి డబ్బాకు మూత పెడుతోంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మరి ఆ రోజు అంత ధర ఎందుకు పాడావని అరిచాను. కొట్టులో పనివాళ్ళు తిరిగి చూశారు.

"అది దేవుడికిచ్చినాను. ఉండలు కొననేదు. బాగుందని నోరు అందరికీ అంటాది, దానికి కరుసేటి నేదు. కొనేది సెయ్యి."

మర్నాడు పొద్దున ఆయనే మా ఇంటికి వచ్చి, అమ్మతో చెప్పి నన్ను పలాస స్టేషనుకు తీసుకెళ్ళాడు. డబ్బా కూడా తెమ్మన్నాడు. అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ డబ్బాను కొబ్బరితాడుతో గట్టిగా కట్టేశాడు. మధ్యాహ్నం దాకా ఇది విప్పకూడదు, ఏమీ అమ్మకూడదు, వచ్చేపోయేవాళ్ళ చేతులు చూస్తూ కూర్చో అని చెప్పి, తను లారీ పని మీద పోయాడు. ఇదేం మనిషిరా దేవుడా అనుకున్నాను. ఎదురుగా ఇంతమంది జనం, ఒళ్ళో డబ్బా, దానికి తాడు. కాసేపు ముడి లాగి చూశాను. అది కొబ్బరి షావుకారు కట్టిన ముడి, రాలేదు.

చేసేదేమీ లేక చూశాను. రైలు ఆగేది కాసేపే. కిటికీలోంచి ఒక చెయ్యే బయటకు వస్తుంది, రెండోది సామాను మీదో పిల్ల మీదో ఉంటుంది. కాగితంలో చుట్టినది ఏదైనా చటుక్కున తీసుకుంటారు. చేతికి అంటుకునేది ఎవరూ ముట్టుకోరు. ఇంకొకటి కూడా చూశాను. జీడిపప్పు పొట్లం వైపు చాలా చేతులు సాగేవి. పలాస వచ్చి జీడిపప్పు లేకుండా ఇంటికి ఎలా పోతాం అని ఉంటుంది కదా. ధర చెప్పగానే ఆ చేతులు వెనక్కి పోయేవి. కొందరు పక్కనున్న పల్లీల పట్టీ కొనుక్కుని రైలెక్కేవాళ్ళు. మొదట విసుగ్గా చూశాను. తర్వాత తర్వాత ఆ వెనక్కి పోయే చేతుల కోసమే చూడడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం మావయ్య వచ్చి ఏం చూశావని అడిగాడు. చెప్పాను. ఆయన మొహంలో మొదటిసారి సంతోషం కనిపించింది.

"ఎనక్కెళ్ళిన సేతులున్నాయి సూడు, ఆ సేతులే మీ అమ్మకి బేరం."

ఆ తర్వాత ఆయన మమ్మల్ని ప్రశ్నలతో చంపాడు. ఆ చెయ్యి వెనక్కి పోకుండా ఉండాలంటే ఎంతలో ఇవ్వాలి? అంతలో ఇవ్వాలంటే నిండు పప్పు వేస్తే గిట్టుతుందా? ముసురులో కరగని పాకం ఎలా పట్టాలి? కాగితాలు ఎవరు చుడతారు, స్టేషనుకు ఎవరు చేరుస్తారు? రేపటి బెల్లానికి ఎంత మిగులుతుంది? మా మనవరాలి పుస్తకంలో వీటన్నిటికీ పేర్లున్నాయి. అది ఆ పేర్లు చదివినప్పుడల్లా నాకు ఆయన స్టూలు మీద కూర్చుని అడగడమే వినిపిస్తుంది. అన్నిటికన్నా ముందు ఆయన అడిగింది మాత్రం చెయ్యి సంగతి. అది తేలకుండా మిగిలినవి అడిగేవాడే కాదు.

ఇంతటితో అన్నీ చక్కబడ్డాయని చెబితే అబద్ధం. విరిగిన ముక్కలు వేద్దామంటే అమ్మ ససేమిరా అంది. దేవుడి పళ్ళెంలో పెట్టిన చేత్తో నూకలు ఎలా పెట్టను అని మొండికేసింది. ఒకసారి పాకం ముదిరి పళ్ళు ఊడేంత గట్టిగా అయింది. ఒకసారి లేతదై కాగితానికి అతుక్కుంది. ఆ రోజుల్లో అమ్మ పొద్దున షెడ్డుకు వెళ్ళి, సాయంత్రం పొయ్యి ముందు కూర్చునేది. కాలిన వేళ్ళకు వేడి పాకం తగిలి అబ్బా అనేది. ఇది నేను తెచ్చిపెట్టిందే కదా అని నాకు చచ్చేంత దిగులుగా ఉండేది. చివరికి నిండు పప్పుతో గిట్టదని అమ్మే దిగొచ్చింది. షెడ్డులోనే చవగ్గా దొరికే ముక్కలు కొని, పలుచటి బిళ్ళలు పోసి, కాగితంలో చుట్టి, స్టేషనులో పల్లీల పట్టీ అమ్మే ఆవిడకే ఇచ్చాం. అమ్మినదాంట్లో ఆవిడకూ వాటా. మొదటి రోజు సగం తిరిగొచ్చాయి. మరుసటి వారానికి తిరిగి రావడం మానేశాయి.

అమ్మ షెడ్డు ఎప్పుడు మానేసిందో నాకు గుర్తు లేదు. మెల్లమెల్లగా మానేసింది. గుర్తున్నది ఒక మధ్యాహ్నం. పనసపొట్టు కూర చేసింది. నేను చెంచా తేవడానికి లేచి వచ్చేసరికి, ఆవిడ తన చేత్తోనే అన్నం కలుపుకుని తింటోంది. ఏవో కబుర్లు చెబుతూ తింటోంది, తను అలా తింటున్నట్టు తనకే తెలియదు. నేను చెంచా వెనక దాచుకుని, ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను.

అప్పటి నుంచి నాకు మనుషుల నోళ్ళ మీద గురి పోయింది. నా వంట బాగుందని ఎవరైనా అంటే మళ్ళీ వడ్డించుకుంటారా లేదా అని వాళ్ళ కంచం వైపు చూస్తాను. మర్యాద తెలియని మనిషినని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

నిన్న సాయంత్రం మా మనవరాలు చాక్లెట్ల డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఒకటి తిన్నాను. ఎలా ఉంది అమ్మమ్మా అంది. పిల్ల అంత ఆశగా అడిగితే ఏమంటాను, చాలా బాగుంది తల్లీ అనేశాను. అనేశాక చూసుకుంటే, నా చెయ్యి డబ్బాకు మూత పెడుతోంది. పిల్లేమో ఇంకా నా నోటి వైపే చూస్తోంది.