ముందే బయల్దేరిన సంచి

మా డాబా మీదికెక్కితే ఔటర్ రింగు రోడ్డు కనిపిస్తుంది. ముత్తంగి దగ్గర అది ఎత్తుగా లేచి, మలుపు తిరిగి, శంషాబాద్ వైపు సాగిపోతుంది. ఎయిర్‌పోర్టుకు ఎట్లా పోవాలని ఎవరినడిగినా చెయ్యెత్తి దాన్నే చూపిస్తారు. "ఏమున్నది, రింగు రోడ్డు ఎక్కితే అయిపాయె" అంటారు. అది కారున్నవాళ్ళ మాట. ఆటోలనూ బైకులనూ దాని మీదికి రానివ్వరు. కారు లేని మాబోటి వాళ్ళకు అదొక ఎత్తయిన గోడ. దాని చప్పుడు మాత్రం మాకు వినిపిస్తూనే ఉంటుంది. ఇప్పుడు పాప పడుకుంది. ఇది రాస్తూ ఆ చప్పుడే వింటున్నాను.

మా ఆయన పనిచేసే కంపెనీలో కాంట్రాక్టు అయిపోయింది, మళ్ళీ పిలవలేదు. నెలలు వెతికితే చివరికి సౌదీలో, దమ్మాంలో ఏసీలు బాగుచేసే పని దొరికింది. రెండేళ్ళ దాకా ఇంటికి రావడానికి లేదు. పాపకు ఇంకా రెండేళ్ళు నిండలేదు. అంటే ఆయన తిరిగి వచ్చేసరికి, అది ఇప్పటిదాకా బతికినంత కాలం మళ్ళీ గడిచిపోతుంది.

నాకు కావలసింది ఒక్కటే. ఎయిర్‌పోర్టు దాకా పాపను తీసుకుపోవాలి. లోపలికి పోయే ముందు ఆయన దాన్ని ఎత్తుకొని కాసేపు నిలబడాలి. నాన్న వెళ్ళిపోతున్నాడని దానికి తెలియాలి. చెప్పకుండా మాయమైన మనిషిని పిల్లలు కొన్నాళ్ళు వెతుకుతారు, తర్వాత మానేస్తారు. ఆ మానేసే రోజంటేనే నాకు భయం.

బస్సులో పోవాలంటే మెహిదీపట్నం దాకా ఒకటి, అక్కడ దిగి ఎయిర్‌పోర్టు బస్సు ఇంకొకటి. పాప బస్సెక్కితే వాంతి చేసుకుంటుంది. "బస్సయితే నేనొక్కన్నే పోత, మీరెందుకు ఆ తిప్పలు" అన్నాడాయన. స్నేహితుడి బైకు మీద ఊళ్ళో దారుల గుండా పోయినా ఆయనొక్కడే. ముగ్గురం పోవాలంటే కారే కావాలి. మా గల్లీలో ఒకతను వేరేవాళ్ళ కారు నడుపుతాడు. అతన్ని అడిగాను.

"వదినా, నువ్వు పరేషాన్ గాకు. అన్నను విమానం మెట్ల కాడ దించి, నిన్నూ పాపనూ మళ్ళ ఇంటి కాడ దించుత" అన్నాడు. ఆ మాటతో కొన్ని రోజులు నిద్రపోయాను.

ఇంతలో అత్తమ్మ పంతులును అడిగి వచ్చింది. మేము బయల్దేరే మధ్యాహ్నం వేళ మంచిది కాదట, పొద్దున్నే దాటిపోవాలట. విమానమేమో సాయంత్రం. అందుకు అత్తమ్మ దగ్గర ఉపాయముంది, ప్రస్థానం. ప్రయాణం పోయే మనిషి వస్తువొకటి మంచి ఘడియలో ఇల్లు దాటించి ఇంకొకరింట్లో పెడతారు. ఇక అప్పుడే మనిషి బయల్దేరినట్టు లెక్క. తర్వాత ఏ వేళకు పోయినా దోషం అంటదు. పోతూ పోతూ ఆ వస్తువును తీసుకుపోవాలి, మళ్ళీ ఇంటికి మాత్రం తేకూడదు. అత్తమ్మ చెల్లెలికి కొల్లూరు కాలనీలో సర్కారు కట్టిచ్చిన రెండు గదుల ఇల్లు వచ్చింది. అది దారిలోనే కాబట్టి అక్కడ పెడదామంది.

"ఒక షర్టు పెడ్తే సాలదా అత్తమ్మా?" అన్నాను, ప్రయాణం రోజు పొద్దున్నే ఆమె, ఆయన భుజానికి తగిలించుకునే చిన్న సంచిలో పాస్‌పోర్టు, వీసా కాగితాలు పెట్టడం చూసి.

"షర్టు లేకుంటే ప్రయాణం ఆగుతదా? ఏది లేకుంటే ఆగుతదో అది దాటాలె. గప్పుడే వాడు దాటినట్టు. డిగ్రీ సదివినోళ్ళకు గివన్ని ఉత్తగ కనిపిస్తయి."

"అమ్మా, నీ పంతులు నా పాస్‌పోర్టుకు గూడ ముహూర్తం పెట్టిండా ఏంది?" అని నవ్వి, ఆయన ఆ సంచి తీసుకొని స్నేహితుడి బైకు మీద కొల్లూరు పోయి వచ్చాడు. వాళ్ళమ్మ మాట కాదనడం ఆ రోజు ఆయనకు ఇష్టం లేదు.

ఆయన తిరిగొచ్చి వాకిట్లో కూర్చొని పాపకు ఉప్మా తినిపిస్తుంటే అత్తమ్మ ఒక నిట్టూర్పు విడిచి, "ఇగ నా కొడుకు బయల్దేరినట్టే" అంది. నా ఎదురుగానే ఉన్నాడు ఆయన, ముద్ద ఊది ఊది పెడుతున్నాడు. అయినా ఆ మాటకు నేను లేచి పోయి ఆయన పక్కన కూర్చున్నాను.

బయల్దేరే వేళకు గల్లీ అతని ఫోనొచ్చింది. ఓనరు పొద్దున్నే కారు పెళ్ళివాళ్ళకిచ్చి అతన్ని జహీరాబాద్ పంపాడు. "వదినా, ఏమనుకోకు, నా చేతుల లేదు" అన్నాడు. వెనకాల బ్యాండు మోగుతోంది.

ఫోన్లో క్యాబులు వెతికాము. ఒకతను ఒప్పుకున్నాడు. "మధ్యలో కొల్లూరు కాలనీల జెర ఆగాలె అన్నా, సంచి తీసుకోవాలె" అని ఈయన చెప్పగానే "కాలనీ లోపలికా? నై భాయ్" అని పెట్టేశాడు. ఇంకొకతను మాట్లాడకుండానే రద్దు చేశాడు. ఇంకొకతను మేమున్న సందు పేరు వినగానే రద్దు చేశాడు. ఆ సంచి కొల్లూరులో లేకపోతే మొదటి కారులోనే ముగ్గురం పోయేవాళ్ళం. చివరికి ఆయన పెట్టెతో సహా ఒక ఆటో ఎక్కి, రింగు రోడ్డు పక్కనే కింద సాగే సర్వీసు రోడ్డు మీద కొల్లూరు పోయాము. మా తలల మీదుగా కార్లు ఎయిర్‌పోర్టుకు పోతున్నాయి.

కాలనీలో అన్ని బ్లాకులూ ఒక్క తీరుగానే ఉంటాయి. లిఫ్టు పనిచేయడం లేదు. పాపనెత్తుకొని మెట్లెక్కి పోతే చిన్నత్తమ్మ తలుపుకు తాళం. ఆయన ఫోన్ చేస్తే ఆ ఫోను తలుపు అవతలే మోగింది.

పక్కింటామె తొంగి చూసింది. "మటన్ తెస్తనని పటాన్‌చెరు పోయింది. అక్క కొడుకు దేశం పోతుండు, తినిపించి పంపాలె అన్నది."

ఆయన కిందికి పోయి ఒక రాయి తెచ్చాడు. పక్కింటామె అడ్డం నిలబడింది. "తాళం పలగ్గొట్టి తీస్కపోతే అది ప్రస్థానమెట్లైతది నాయనా, దొంగతనమైతది. ఇంకొంచెం సేపు ఆగు, వస్తది."

రాయి చేతిలో పట్టుకునే మెట్ల మీద కూర్చున్నాడు. పాప ఆ రాయితో ఆడుకోవాలని చూసింది. అప్పుడైనా దాన్ని ఒళ్ళోకి తీసుకుంటాడనుకున్నాను. ఆయన కళ్ళు ఫోన్ మీదా, మెట్ల మీదా తప్ప ఇంకెక్కడా లేవు.

చిన్నత్తమ్మ నల్ల కవరు పట్టుకొని రొప్పుతూ పైకొచ్చింది. "ఏందిరా, గింత జల్దీ వచ్చిండ్రు? ఇంక పొయ్యి గూడ ముట్టియ్యలే."

"చిన్నమ్మా, ముందుగాల తాళం తియ్యి."

"తినకుండ ఎట్ల పోతవ్‌రా? ఇట్ల కుక్కర్ పెట్టి అట్ల దించుత."

"విమానం పోతది చిన్నమ్మా!"

మొదటిసారి ఆయన అరవడం విన్నాను. ఆమె చేతిలోంచి తాళం చెవి కింద పడింది. సంచి దేవుడి పటం ముందు ఉంది, పసుపు కుంకుమ పెట్టి. చిన్నత్తమ్మ ఆయన నోట్లో చక్కెర పోసి, పాప చేతిలో బిస్కెట్ పెట్టి, మేము మెట్లు దిగుతున్నంతసేపూ పైనుంచి ఏడ్చింది. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.

అదే ఆటోలో వచ్చి, రింగు రోడ్డుకు ఎక్కే చోట, టోల్ గేటు ముందర నిలబడ్డాము. ఆటో ఇక ముందుకు రాదు. మళ్ళీ క్యాబు వెతికి ఎదురుచూసే వేళ లేదు. ఆయన పోయే ప్రతి కారుకూ చెయ్యెత్తాడు. ఒక తెల్ల కారు ఆగింది. లోపల భార్యాభర్తలు, ముసలామె, ఒక పిల్ల ఉన్నారు.

"మా తమ్ముడు వస్తుండు దుబాయి నుంచి, తెచ్చుకోను పోతున్నం" అన్నాడతను. "ఒక్కరికైతే జాగ ఉంది అన్నా. ముగ్గురికి లేదు."

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నన్ను అడుగుతున్నట్టు లేదు. అయినా వద్దంటే ఆగిపోతాడేమోనని నాకే భయం వేసింది.

"ఎక్కు" అన్నాను.

పెట్టె డిక్కీలో పెట్టడం, సంచి ఒళ్ళో పెట్టుకోవడం, తలుపు వేయడం, అన్నీ ఒక్క గుక్కలో అయిపోయాయి. అద్దం దించి పాప కాలు పట్టుకున్నాడు. చెప్పు ఊడి ఆయన చేతిలోకి వచ్చింది, మళ్ళీ తొడిగాడు. "పైలంరా బిడ్డా" అన్నాడు. అది బిస్కెట్ నములుతూ చెయ్యి ఊపింది. రోజూ పొద్దున కంపెనీ బస్సెక్కేటప్పుడు ఎట్లా ఊపేదో అట్లాగే. కారు గేటు దాటి, పైకెక్కి, మలుపు తిరిగింది. పాప నా మొహం వైపు తిరిగి నీళ్ళడిగింది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గడపలో కూర్చుని ఉంది. "మంచిగ పోయిండా?"

"పోయిండు. టోలు కాడ ఒక కారు ఆగి ఎక్కించుకున్నది."

"సూసినవా, గడియ మంచిది గాబట్టి బండి దానంతట అదే ఎదురొచ్చి ఆగింది."

పాపకు నీళ్ళు పట్టడానికి లోపలికి పోయాను.

పొద్దు గూకే వేళకు ఆయన ఫోన్ చేశాడు. "లోపటికొచ్చిన. అన్ని అయినయి. పాప ఏడ్చిందా?"

"లేదు."

"మంచిగైంది" అన్నాడు. గొంతులో ఊరట తెలుస్తోంది. పరాయి దేశంలో దిగేదాకా ఆ ఊరటైనా ఉండనీ అనుకున్నాను. పాప ఆ పక్కనే గిన్నెలు బోర్లించి ఆడుకుంటోంది. ఆ రోజు నాన్న వెళ్ళిపోయాడని దానికి తెలియదు. ఎప్పుడు, ఏ మాటతో చెప్పాలో నాకు తెలియదు.