వదిన కుట్టిన కోటు

పొద్దున్నే లేచి స్టవ్ వెలిగించి, రెండు గ్లాసులు కడిగి పెట్టుకోవడం పెళ్ళయినప్పటి నుంచీ నా అలవాటు. ఒకటి ఆయనకి, ఒకటి నాకు. ఈ ఊరొచ్చాక నేను లేచేసరికే టీ అయిపోయి ఉంటోంది. మా ఆయన అక్కగారు, మా వదిన, నా గ్లాసు మీద మూతపెట్టి, తన టీ గోడకి ఆనుకుని నిలబడే తాగేస్తుంది. ఇంట్లో కూర్చుంటే బద్ధకం పట్టుకుంటుందట.

ఆయన పోయాక నన్ను రప్పించింది ఆవిడే. "అక్కడ నువ్వొక్కదానివి, ఇక్కడ నేనొక్కదాన్ని. రెండు కుంపట్లెందుకే?" అంది ఫోన్లో.

వదిన పెళ్ళయిన కొత్తలోనే దర్జీ భర్త వెంట ఈ దేశం వచ్చింది. భర్త పోయాక కుట్టు కొట్టు మూసేస్తుందనుకున్నారంతా. ఆవిడ కత్తెర తన చేతికి తీసుకుంది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా లోకం సంగతులన్నీ మాట్లాడుతుంది, ఒక్కటీ మింగిన పాపాన పోలేదు. మనుషుల పేర్లు గుర్తుండవు, కొలతలు గుర్తుంటాయి. "మన నలభై నడుం గారి కూతురికి పెళ్ళి కుదిరిందే" అంటుంది.

మా గది నాలుగో అంతస్తులో. కిటికీలోంచి చూస్తే జనమంతా రైలు తప్పిపోతున్నట్టే నడుస్తారు. మెట్ల మీద ఎదురైతే తల ఊపుతారు గానీ, ఎక్కడికమ్మా అని అడగరని వదిన చెప్పింది. అడిగే దిక్కు లేనప్పుడు వెళ్ళడం మాత్రం దేనికనిపించేది. వీధి మలుపులోనే ఉన్న వదిన కొట్టుకి కూడా వెళ్ళలేదు. చలి అని వంక.

"ఎన్నాళ్ళే ఇలా గూట్లో పావురంలా?" అందొక సాయంత్రం. "పావురమే నయం, గింజలకైనా ఎగురుతుంది."

బీరువాలోంచి నల్లకోటు తీసి నా ఒళ్ళో పడేసింది.

"వాడొస్తాడని కుట్టాను. రానేలేదు. నీకు తగ్గిస్తాను, వేసుకుని బయటికి రా."

కోటు విప్పి పట్టుకున్నాను. ఆయన పోయాక మొదటిసారి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను.

"ఏమే?"

"ఇది మీ తమ్ముడికి పట్టేది కాదు వదినా. పొట్ట దగ్గరే ఆగిపోయేది."

"వాడికి పొట్టా! చువ్వలా ఉండేవాడు."

"మా పెళ్ళినాటి మాట."

"మరి ఫోన్లో..."

"ఫోన్లో ముఖమే కదా చూపించేవారు. నేను చెప్పబోతే కళ్ళు ఉరిమేవారు."

"లోపల కుట్టులో రెండు వేళ్ళ గుడ్డ వదిలాను కూడానూ!"

"రెండు చాలవు వదినా. నాలుగైనా కావాలి."

వదిన పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మంచం మీద కూలబడి, కోటులో ముఖం దాచుకుంది. తమ్ముడి చివరిచూపుకి చేరుకోలేకపోయిన మనిషి. ఆ ఏడుపంతా ఇన్నాళ్ళూ ఎక్కడ మడిచిపెట్టుకుందో! పక్కన కూర్చుని వీపు నిమిరాను.

"ఎంతుండేదే వాడి పొట్ట?" అని అడిగింది కాసేపటికి.

రెండు చేతులూ చాచి చూపించాను.

మర్నాడు కోటు నాకు తొడిగి, చేతులు పైకి మడిచి గుండుసూదులు పెట్టింది. "అంచులు కుట్టి, మిగిలిన గుడ్డ కత్తిరించెయ్. మధ్యాహ్నం అది వేసుకుని భోజనం డబ్బా తీసుకురా" అని చెప్పి కొట్టుకి వెళ్ళింది.

కత్తెర చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ బల్ల మీద పెట్టేశాను. సూదులు ఒక్కొక్కటే తీస్తే, కోటు చేతులు జారి నా వేళ్ళని కప్పేశాయి. అలాగే డబ్బా పట్టుకుని మెట్లు దిగాను.

కొట్టులో వదిన నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అంచులు కుట్టలేదేమే?"

"చలి కదా వదినా. వేళ్ళు కూడా లోపలే ఉంటున్నాయి."

పెదాల మధ్య సూదులు తీసి బల్ల మీద పెట్టింది. స్టూలు నా వైపు జరిపింది. డబ్బా మూత తియ్యబోతే గుడ్డ అడ్డం పడింది. కాస్త పైకి మడుచుకున్నాను. మడుచుకోవడమే, ఇప్పటికీ కుట్టలేదు.