చిన్నమ్మ వాకిట్లో ముగ్గు వేసిందెవరు?

ఆ ఆదివారం పొద్దున ఆరింటికే నేను కరీంనగర్ బస్టాండులో ఉండటానికి కారణం మా చిన్నమ్మ ఫోను. ముందురోజు సాయంత్రం నుంచి స్విచాఫ్ వస్తోంది. ఆసిఫాబాద్ దగ్గర చిన్న ఊరు ఆమెది, డెబ్బై దాటాయి, ఒక్కతే ఉంటుంది. పక్కింటివాళ్ళ నంబరు నా దగ్గర ఎందుకు లేదో ఇప్పటికీ నాకే అర్థం కాదు. ఈసారి ఎలాగైనా చిన్నమ్మను మా ఇంటికి తెచ్చేసుకోవాలని, ఆమె బట్టలకు ఖాళీ సంచి కూడా పట్టుకున్నాను. మంచిర్యాల దాకా రెండు గంటలు, అక్కడ బస్సు మారితే ఇంకో రెండు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్.

ఆసిఫాబాద్‌లో షేర్ ఆటో ఎక్కాను, ముప్పై రూపాయలు. డ్రైవరుది ఆ ఊరే, సంగతి చెప్పాను. "ఫికర్ జెయ్యకు అక్కా. మా ఊళ్ళె ముసలోళ్ళు పొద్దుగాల వాకిలి జల్లి ముగ్గెయ్యకపోతే, ఎదురింటోళ్ళొచ్చి తలుపు గొడ్తరు" అన్నాడు. పదకొండింటికి దిగేసరికి చిన్నమ్మ వాకిట్లో చక్కటి ముగ్గు. "చూసినవా, మంచిగనే ఉంది" అని నవ్వాడు. ప్రాణం లేచొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. మరి ఫోను ఆన్ చేసుకోవడానికేం?

తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంది. గట్టిగా పిలిస్తే సన్నటి మూలుగు వినిపించింది. డ్రైవరు వెనక గోడ దూకి గడియ తీశాడు. నీళ్ళ బిందె పక్కన చిన్నమ్మ పడి ఉంది. తెల్లవారకముందే జారిపడిందట, ఫోనుకు ఛార్జింగే లేదట.

"మరి ముగ్గెట్లేసినవ్?"

"నేనెయ్యలే బిడ్డా. నాకేం ఎర్క?"

డ్రైవరు ఆటోలో పోయి ఊరి డాక్టరును తీసుకొచ్చాడు. ఆయన ఎముక విరగలేదని, చీలమండ బెణికిందని కట్టు కట్టాడు. అప్పుడు పక్కింటి రాజవ్వ ఏడ్చుకుంటూ వచ్చింది. ఆమెకూ అంత వయసే.

"మోకాళ్ళు నొస్తున్నయని నిన్న అన్నది గదా, పాపమని నేనే జల్లి ముగ్గేసిన. ముగ్గుంటే తలుపెవ్వలు గొడ్తరు? ఎంత పని జేస్తిని!"

ఎవరిమీద కోప్పడాలో తోచలేదు. మంచి చేసిన మనిషినేం అంటాం? సంచి తెరిచి "పద చిన్నమ్మా, కరీంనగర్ పోదాం" అన్నాను.

"నువ్వు డ్యూటీకి పోయినంక ఆడ నేను పడ్తే ఎవ్వలు జూస్తరు?"

నాలుగేళ్ళుగా మా ఎదురు ఫ్లాటులో ఉన్నవాళ్ళ పేరే నాకు తెలియదు. సంచి మడతపెట్టేశాను. చిన్నమ్మ రాజవ్వ చెయ్యి పట్టుకుంది. "ఏడ్వకే. రేపటిసంది ముగ్గు నువ్వే ఎయ్యి. నడిమిట్ల చుక్క మాత్రం నాకిడువు."

మర్నాడు ఆరింటికి రాజవ్వ గడపకు ఆనించి ముగ్గేసి, నడుమ ఖాళీ వదిలి పక్కకు జరిగింది. చిన్నమ్మ గడపమీద కూర్చుని, చెయ్యి చాపి, చుక్క పెట్టింది. అప్పటిదాకా ఎదుటి వాకిళ్ళలో చీపుర్లు పట్టుకుని నిలబడ్డ ముగ్గురు ముసలమ్మలు ఏమీ ఎరగనట్టు ఊడ్చుకోవడం మొదలుపెట్టారు.

ఖాళీ సంచితోనే తిరిగొచ్చాను. తప్పు చేశానా, ఒప్పు చేశానా? ఇప్పటికీ తేలలేదు. రోజూ ఆరున్నరకు రాజవ్వకు ఫోన్ చేసి, చుక్క పడిందా అని అడుగుతున్నాను. మీరు అటువైపు వెళ్తే, ఆసిఫాబాద్ నుంచి ఊళ్ళోకి చివరి ఆటో సాయంత్రం అయిదింటికే. పొద్దున్నే లేచి పెద్దవాళ్ళకు సాయం చేయాలనిపిస్తే ముగ్గంతా మీరే వేయండి, చుక్క జోలికి మాత్రం పోకండి.