పాత కారు గొంతు

బహ్రెయిన్‌లోని మామీర్‌లో నేను మెకానిక్‌గా చేస్తున్న గ్యారేజీకి ఒక బహ్రెయినీ పెద్దాయన, తండ్రి నడిపిన పాత అమెరికన్ కారు తెచ్చి కొత్త ఇంజను పెట్టమన్నాడు. మూడుసార్లు దింపినా ఇంజను అడుగు ఛాసిస్‌కు తగిలింది. అన్నం ముందు కూర్చున్నా నా మనసు కొలతల మీదే ఉండేది.

"జర నిమ్మలంగుండరాదే అన్నా," అన్నాడు తోటి మెకానిక్.

చివరికి ఛాసిస్ అడ్డపట్టీని కోసి, వెనక్కి జరిపి వెల్డింగ్ చేస్తే కూర్చుంది. పెద్దాయన తాళం తిప్పాడు. ఇంజను మెత్తగా అందుకుంది. ఆయన మొహం వాడిపోయింది.

"మా నాన్న వస్తుంటే వీధి చివర్నుంచే తెలిసేది, భాయ్."

నేను గబగబా సైలెన్సర్ విప్పేశాను. కారు గర్జించింది. "యల్లా, పోదాం," అంటూ నన్నెక్కించుకుని అవాలి ఊరి దాకా తోలాడు. అదే చప్పుడేనా అని దారంతా ఆయన మొహం చూస్తూనే ఉన్నాను. దిగాక, పాత ఇంజనును తన ఇంటికి పంపమన్నాడు.